పారిపోవడం తెలియని ఓడ

ఆదివారం రాత్రి పదకొండు దాటింది. నేను విజయవాడ సత్యనారాయణపురంలో, మా తమ్ముడు గుంటూరు బ్రాడీపేటలో. మా మధ్య ముప్పై అయిదు కిలోమీటర్ల రోడ్డూ, కృష్ణానదీ ఉన్నాయి. అయినా హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆన్‌లైన్ ఆటలో కూర్చుంటే ఇద్దరి ఎదుటా ఉన్నది ఒకటే సముద్రం. వాడు చుక్కాని పట్టుకున్నాడు. నేను కుడిపక్క ఫిరంగుల దగ్గర ఉన్నాను. అవతల శత్రువు ఓడ.

"అక్కా, ఇది ఎన్నో చుట్టు?" అన్నాడు.

"తొమ్మిదోది" అన్నాను.

లెక్కపెడుతూనే ఉన్నాను. అది మా చుట్టూ, మేము దాని చుట్టూ తిరగడం మొదలై పది నిమిషాలయింది. దాని ముందు తెరచాప కొయ్య విరిగి పక్కకు వేలాడుతోంది. డెక్ మీద మంటలు. నీటిమట్టానికి దగ్గరగా నేను కొట్టిన చిల్లుల్లోంచి నీళ్లు లోపలికి దూకుతున్నాయి, ఓడ ఎడమకు ఒరిగింది. అయినా మొదటి నిమిషంలో ఎంత దూరంలో తిరిగిందో అంతే దూరంలో తిరుగుతోంది. ఎంతసేపటికొక గుండు వేసిందో అంతసేపటికే వేస్తోంది. గానుగ చుట్టూ తిరిగే ఎద్దుకైనా పొద్దుగూకితే కాడి దించుతారు. దీనికి ఆ దయ కూడా లేదు.

పదో చుట్టులో ఫిరంగి వదిలేసి దాన్నే చూస్తూ ఉండిపోయాను. దానికి వెనుకగా, ఎంతో దూరం కాదు, ఒక దీవి ఉంది. గాలి ఆ దిక్కుకే వీస్తోంది. మిగిలిన తెరచాప విప్పుకుని దీవి చాటుకు వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. పదకొండో చుట్టు సగంలో నీట మునిగింది. సరుకు పెట్టెలు పైకి తేలాయి. తమ్ముడు వాటిని ఒక్కొక్కటే ఏరుతున్నంతసేపూ ఇద్దరం మాట్లాడుకోలేదు.

గెలిచాం. కానీ యుద్ధం చేశామన్న తృప్తి లేదు. చెట్టు కొట్టేసినట్టుంది.

అప్పటి నుంచీ ఈ సంగతి నన్ను వదలడం లేదు. నా మాట ముందే చెప్పేస్తాను: సముద్రపు దొంగల ఆటల్లో కంప్యూటర్ నడిపే శత్రువు ఓడలకు భయం నేర్పాలి. అదొక్కటీ నేర్పితే మిగతా లోపాల్లో సగం వాటంతట అవే సర్దుకుంటాయి. మేము ఆడే ఆట పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఈ జబ్బు ఏ ఒక్క ఆటదో కాదు.

ముందు ఆ చుట్టు సంగతి. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు గణితం చెబుతాను. వృత్తానికి గీసిన స్పర్శరేఖ వ్యాసార్ధానికి లంబంగా ఉంటుందని ఏటా నల్లబల్ల మీద గీసి చూపిస్తాను. మా పదకొండు చుట్లూ ఆ స్పర్శరేఖలోంచే పుట్టాయి. తెరచాప ఓడకు ఫిరంగులు ఎక్కువగా ఉండేది రెండు పక్కలా. నన్ను కొట్టాలంటే నన్ను తన పక్కకు తెచ్చుకోవాలి. అంటే తన ముక్కు నాకు సూటిగా ఉండకూడదు, మా ఇద్దరినీ కలిపే రేఖకు లంబంగా ఉండాలి. ప్రతి క్షణం ఆ రేఖకు లంబంగా నడిచే వస్తువు ఏ దారి పడుతుంది? వృత్తమే. నేనూ అదే పని చేస్తే ఇద్దరి మధ్యనున్న బిందువు కేంద్రమవుతుంది. ఇక ఇద్దరిలో ఒకరు మునిగేదాకా ఆ వృత్తం చెరగదు.

మనిషి ఆ వృత్తాన్ని చెరిపేస్తాడు. తెరచాప సగం దించి వేగం తగ్గిస్తాడు, అవతలి ఓడను ముందుకు పోనిచ్చి దాని వెనుకకు చేరతాడు. ఓడ వెనుక భాగంలో ఫిరంగులు తక్కువ, కొన్నింటికి అసలు ఉండవు. 18వ శతాబ్దం మొదట్లో కొంకణ తీరంలో మరాఠా నౌకాధిపతి కాన్హోజీ ఆంగ్రే నావికులు ఐరోపా ఓడలను ఇలాగే ఏడిపించారు. తెడ్లతో నడిచే చిన్న గల్లివాట్ పడవలతో తమ ఓడలను లాగించుకుంటూ వెనుక నుంచి వచ్చి, ముందు మొనలో బిగించిన ఫిరంగులతో కొయ్యలనూ తెరచాపలనూ కొట్టేవారు. పెద్ద ఓడ తిరిగి పక్క ఫిరంగులు గురిపెట్టేలోగా వాళ్లు మళ్లీ దాని వెనుకకే చేరేవారు. ఆటలో మేమూ అదే చేస్తాం. ప్రతిసారీ పనిచేస్తుంది. ప్రతిసారీ పనిచేయడమే నా బాధ. తన వెనుక శత్రువు కూర్చున్నాడని తెలిసిన ఓడ ఏదో ఒకటి చేయాలి. మా ఆటలోని ఓడ మళ్లీ లంబరేఖ కోసం వెతుక్కుంటుంది.

దాని బుర్రలో ఉన్నవి మూడే మూడు స్థితులు. ఊరికే తిరగడం, కంటపడినవాణ్ని వెంటాడటం, దగ్గరికి వచ్చాక కాల్చడం. ఒక దూరం లోపలికి మనం వస్తే మొదటిది రెండోదవుతుంది. ఇంకా దగ్గరైతే రెండోది మూడోదవుతుంది. తనకు గీసిన హద్దు దాటి మనం పారిపోతే మళ్లీ మొదటిది. ఆ హద్దు మాకు ఎక్కడుందో తెలిసిపోయింది. ఒక నల్లటి రాయి ఉంది. ఆ రాయి దాటితే చాలు, అంతవరకు ప్రాణాలు తీసేలా వెంటబడిన ఓడ టక్కున వెనక్కి తిరుగుతుంది. మళ్లీ మనం లోపలికి వెళితే దాని చిల్లులన్నీ పూడిపోయి ఉంటాయి. మనం చేసిన గాయాన్ని కూడా అది దాచుకోదు.

ఇక గాలి. మన భాషలో 'గాలివాటు' అంటే లెక్కాపత్రం లేకుండా జరిగే పని అనే అర్థం స్థిరపడింది. తెరచాప ఓడ నడిపేవాడికి అంతకు మించిన లెక్క లేదు. అడ్డకొయ్యలకు చదరపు తెరచాపలు కట్టిన ఓడ గాలికి ఎదురుగా పోలేదు. గాలి వచ్చే దిక్కుకు దాదాపు 65 డిగ్రీల దూరంలో ఉంటేనే ముందుకు కదులుతుంది. అందుకే గాలి వచ్చే వైపున ఉన్న ఓడ యుద్ధం ఎప్పుడు మొదలుపెట్టాలో తానే నిర్ణయించుకునేది. గాలి పోయే వైపున ఉన్న ఓడకు మరో సౌకర్యం ఉండేది: ఇక చాలనుకుంటే తెరచాపలు విప్పుకుని తప్పుకోవచ్చు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలని రైతు అంటాడు. యుద్ధాన్ని కూడా అలాగే గాలిని బట్టి అంటుకునేవారు, గాలిని బట్టి వదిలేవారు. మా ఆటలో గాలి మాకు మాత్రమే వీస్తుంది. శత్రువు ఓడ ఎదురుగాలిలో నిండు తెరచాపతో నేరుగా వచ్చేస్తుంది.

ఆట కష్టంగా ఉండాలంటే తయారుచేసేవారు సాధారణంగా పట్టుకునే దారి ఒకటే. ఓడ గట్టిదనం పెంచుతారు, గుండు దెబ్బ పెంచుతారు, ఒక ఓడ బదులు రెండింటిని పంపుతారు. దాంతో పదకొండు చుట్లు ఇరవై రెండవుతాయి. అలాంటప్పుడు మాకు పెరిగేది అలసటే.

ఇదంతా సాంకేతికంగా చేతకాక జరుగుతోందంటే నేను నమ్మను. కంప్యూటర్‌లో పక్షుల గుంపు ఎగిరే తీరును 1987లో చూపించిన క్రెయిగ్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు, 1999లో ఆటల పాత్రలను నడిపించే సూత్రాలను ఒకచోట వివరించాడు. ఒక బిందువు వైపు వెళ్లడం, దాని నుంచి పారిపోవడం, కదులుతున్నవాడు కాసేపటికి ఎక్కడుంటాడో ఊహించి అక్కడికి వెళ్లడం, గమ్యం దగ్గర వేగం తగ్గించుకోవడం, ఇలాంటివి. అందులో నన్ను పట్టుకున్న విషయం ఇది: వెంటాడే దిశను తలకిందులు చేస్తే అదే పారిపోవడం. కూడిక గుర్తు ఉన్నచోట తీసివేత గుర్తు. మా పిల్లలు పరీక్షలో పొరపాటున చేసే మార్పు అది. ఆ ఒక్క గుర్తు పాతికేళ్లుగా అందరి చేతిలోనూ ఉంది. దాన్ని ఎప్పుడు మార్చాలో చెప్పేవాళ్లే ఓడలో లేరు.

మనిషి లేని పడవ ఎలా ఉంటుందో మా ఊళ్లో అందరం చూశాం. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లు మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది. ఎగువన కట్టు తెగిన పెద్ద పడవలు కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువులు, కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. వాటిని తీయడానికి తర్వాత రోజుల తరబడి తంటాలు పడ్డారు. క్రేన్లతో లాగారు, నీళ్లలోకి దిగి ఇనుము కోశారు. ఆ దృశ్యాలు ఫోన్‌లో చూస్తూ మా అమ్మ ఒక మాట అంది: "మనిషి ఉంటే గుద్దనిస్తాడా?" పడవలో సరంగు ఉంటే, గేటు ఎదురుగా కనిపిస్తుంటే, ప్రాణం కోసమైనా పక్కకు తిప్పడానికి చూస్తాడు. ఆ ఆదివారం రాత్రి మా మీదికి వచ్చిన ఓడ ఆ ఖాళీ పడవలాంటిది. అది వరద. వరదకు మన మీద కోపం ఉండదు, దాన్ని ఓడించామని ఎవరూ గర్వపడరు.

నిజమైన శత్రువు ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి కరీబియన్ దాకా వెళ్లనక్కర్లేదు, మన విశాఖ దాకా వెళితే చాలు. 1804లో హిందూ మహాసముద్రంలో ఫ్రెంచి దళాన్ని నడిపిన నౌకాధిపతి లిన్వా. ఆయన సొంత ఓడ మరెంగోకు 74 ఫిరంగులు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో, మలయా తీరానికి దగ్గరలోని పులో ఆరా దీవి దగ్గర, చైనా నుంచి తిరిగి వెళుతున్న ఈస్టిండియా కంపెనీ వర్తక నౌకల గుంపు ఆయనకు ఎదురైంది. కాపలాకు ఒక్క యుద్ధనౌక కూడా లేదు. ఆ గుంపును నడుపుతున్న నథానియల్ డాన్స్ కొన్ని వర్తక నౌకలకు యుద్ధనౌకల జెండాలు ఎగరేయించి, వాటిని బారు తీర్చి నిలబెట్టాడు. లిన్వా వెంటనే మీద పడలేదు. రాత్రంతా ఆగాడు. మర్నాడు కొద్దిసేపు కాల్పులు జరిగాక ఆయనే వెనుదిరిగాడు. వర్తక నౌకలు కొంతదూరం ఫ్రెంచి యుద్ధనౌకలను తరిమాయి కూడా. నెపోలియన్ ఈ సంగతి విని మండిపడ్డాడు.

అదే సంవత్సరం సెప్టెంబరులో లిన్వా మన తీరానికి వచ్చాడు. విశాఖపట్నం ఎదుట సముద్రంలో సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఆంగ్ల యుద్ధనౌక, రెండు వర్తక నౌకలు లంగరు వేసి ఉన్నాయి. మరెంగోతో పాటు ఫ్రిగేట్లు అనే కాస్త చిన్న యుద్ధనౌకలు రెండు లిన్వా వెంట ఉన్నాయి. బలం ఆయనదే. కాల్పుల్లో బార్నబీ అనే వర్తక నౌక ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది. ప్రిన్సెస్ షార్లెట్ అనే మరో నౌక చిక్కింది. సెంచూరియన్ బాగా దెబ్బతింది కానీ లొంగలేదు. ఒడ్డు మీది ఫిరంగులు కూడా దానికి తోడయ్యాయి. ఇంకాసేపు ఉంటే లిన్వా దాన్ని కూడా పట్టేవాడేమో. ఉండలేదు. దొరికిన నౌకను తీసుకుని నడి సముద్రంలోకి వెళ్లిపోయాడు.

ఎందుకు వెళ్లాడో అర్థం చేసుకుంటే నాకు ఆ మనిషి కళ్లముందు కనిపిస్తాడు. ఆయన ఓడ కొయ్య విరిగితే మార్చుకునే రేవు ఈ తీరంలో లేదు. బాగుచేసుకోవాలంటే వేల కిలోమీటర్ల అవతల, ఇప్పుడు మారిషస్ అని పిలిచే ఫ్రెంచి దీవికి వెళ్లాలి. దారిలో ఆంగ్ల దళాలు తిరుగుతున్నాయి. కుంటి ఓడతో వాటి కంటపడితే అంతే. పైగా ఆయన దళంలో పోయిన ఓడకు బదులు మరొకటి రాదు. అందువల్ల ప్రతి గుండుకూ ఆయన మనసులో ఒక లెక్క నడిచింది: ఈ సెంచూరియన్ విలువ ఎంత, నా కొయ్యల విలువ ఎంత. ఆ లెక్కలో ఆయన అతిగా వెనక్కి తగ్గాడని చరిత్రకారులు అనవచ్చు. సరే. కానీ డాన్స్ మోసం ఫలించడానికి, సెంచూరియన్ నిలబడటానికి కారణం ఎదుటివాడికి పోగొట్టుకోవడానికి ఏదో ఉండటమే. పోగొట్టుకునేది లేనివాణ్ని ఎవరూ బెదిరించలేరు, మోసం చేయలేరు, ఒప్పించలేరు. మునగగొట్టడం ఒక్కటే మిగులుతుంది. మా ఆటలో మాకు మిగిలింది సరిగ్గా అదే.

అసలు సముద్రపు దొంగలే యుద్ధం కోరుకునేవారు కాదు. దొంగకు కావలసింది సరుకు. యుద్ధం జరిగితే సరుకు మునుగుతుంది, ఓడ పాడవుతుంది, మనుషులు పోతారు. వర్తక ఓడలో పదిహేను మంది నావికులుంటే దొంగల ఓడలో ఎనభై మంది దాకా ఉండేవారు. నల్లజెండా ఎగరేయడమంటే లొంగిపోతే ప్రాణాలు తీయమని చెప్పడం. ఎర్రజెండా ఎగిరితే ఇక దయ లేదని. చాలాసార్లు ఒక్క గుండు కూడా పేలకుండానే పని ముగిసేది. ఆ జెండా గుడ్డలోనే ఒక సంభాషణ ఉంది. మా ఓడ కొయ్య మీద కూడా నల్లజెండా ఉంది. దాన్ని ఎగరేసినా దించినా ఎదుటి ఓడ తీరులో చీమంత తేడా రాదు.

ఈ మాటలన్నీ మా తమ్ముడితో వాదించాను. వాడు గుంటూరు నుంచి వచ్చినప్పుడు పిల్లలను తీసుకుని పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపానికి పడవలో వెళుతున్నాం. వాడు నా మాట పూర్తిగా విన్నాడు.

"ప్రతి ఓడా పారిపోతే మనకు మిగిలేది వెంటపడటమే కదా అక్కా" అన్నాడు. "పొద్దంతా పనిచేసి వచ్చినవాడు రాత్రి అరగంట ఆడుకోవాలనుకుంటాడు. ఆ అరగంటా ఒక ఓడ వెనుక భాగం చూస్తూ గడపమంటావా?"

ఇది బలమైన మాటే. నాకు వెంటనే జవాబు తట్టలేదు. అప్పుడే పడవ ద్వీపం వైపు తిరిగింది. రేవు ఇంకా చాలా దూరంలో ఉండగానే సరంగు ఇంజను ఆపేశాడు. పిల్లలు పాడైపోయిందేమోనని కంగారుపడ్డారు. ఆయన అరచేయి చుక్కాని కర్ర మీద తేలిగ్గా ఆనించి, రేవు వైపు కాకుండా నీటి వైపు చూస్తున్నాడు. పడవ తన బరువుతో తానే జారుకుంటూ వెళ్లింది. చివరి పది గజాల్లో కర్రను జానెడు మేర పక్కకు తోశాడు. పడవ పక్కభాగం రేవుకు కట్టిన పాత టైర్లకు ఆనీ ఆననట్టు ఆగింది. కర్రను పట్టుకున్న ఆ చేతిని నేను మర్చిపోలేను. పడవకు బరువుంది, ఆ బరువు తొందరపడితే మాట వినదు, అందుకని చాలా ముందే నిర్ణయం తీసుకోవాలి. ఆ చేతికి అది తెలుసు. ఆటలో ఓడలు ఆటోల్లా ఉన్నచోటనే మలుపు తిరుగుతాయి.

తమ్ముడికి జవాబు ఇంటికి వచ్చాక చెప్పాను. పారిపోవడం ఉచితంగా ఉండకూడదు. వెంటబడిన ఓడ నుంచి తప్పించుకోవడానికి నావికులు బరువు తగ్గించుకునేవారు. సరుకు నీళ్లలోకి తోసేవారు, అవసరమైతే ఫిరంగులను కూడా. మా ఆటలో శత్రువు అలా చేస్తే ఎంత బాగుంటుంది! ముందు రెండు పెట్టెలు పడేస్తుంది. ఆగి వాటిని ఏరుకుంటామా, వదిలేసి వెంటపడతామా? అరగంట ఆడేవాడు ఆ రెండు పెట్టెలు తీసుకుని సంతోషంగా నిద్రపోతాడు. తెల్లవార్లూ ఆడేవాడు వెంటపడతాడు. కొంతసేపటికి ఓడ ఫిరంగులు కూడా పారేసుకుంటే ఇక దానికి కాల్చే దిక్కుండదు, జెండా దించేస్తుంది. అలా లొంగిన ఓడలో సరుకు చెక్కుచెదరకుండా దొరకాలి. మునిగిన ఓడలో సగమే దొరకాలి. అప్పుడు ఆడేవాళ్లే ఎంతవరకు కొట్టాలో ఆలోచిస్తారు. తెరచాపలు చించాలా, ఓడ పొట్ట చీల్చాలా అని ఒకరినొకరు అడుగుతారు. మేము ఆ రాత్రి పది నిమిషాలు తిరిగినా ఒక్కసారి కూడా అలా అడగవలసి రాలేదు.

ఇది కొత్త ఊహ కూడా కాదు. 1987లో వచ్చి, 2004లో కొత్త రూపం దాల్చిన 'సిడ్ మయర్స్ పైరేట్స్' ఆటలో గాలి దిశ ముఖ్యం. 2004 ఆటలో ఓడ పొట్టకు మామూలు గుండు, తెరచాపలకు గొలుసు గుండు, మనుషులను తగ్గించడానికి చిన్న గుళ్ల సంచి ఉంటాయి. ఎదుటి ఓడలో మనుషులు మరీ తగ్గిపోతే పోరాడకుండానే లొంగిపోవచ్చు. అది ఒంటరిగా ఆడే ఆట. అప్పుడున్న కంప్యూటర్లతో చేశారు.

ఆన్‌లైన్ ఆటలో సర్వర్ మీద భారం పడుతుందని ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది. ప్రతి ఓడ స్థానాన్నీ లెక్కకట్టి ఆడేవాళ్లందరికీ పంపాలి, నిజమే. అయితే భయపడాలా వద్దా అన్న నిర్ణయం సెకనుకు ఇరవైసార్లు తీసుకోనక్కర్లేదు. అయిదు సెకన్లకోసారి చాలు. మునుగుతున్న ఓడ కప్తాను అంతకంటే నెమ్మదిగానే మనసు మార్చుకుంటాడు. పైగా ఓడ బరువైన వస్తువు కావడం సర్వర్‌కు మేలు. దాని స్థానం, వేగం, తిరిగే తీరు ఒకసారి పంపితే తర్వాత కొన్ని క్షణాలు ఎక్కడుంటుందో మా కంప్యూటరే ఊహించుకోగలదు. తుపాకీ పట్టుకుని గెంతే మనిషి విషయంలో ఆ ఊహ తప్పుతుంది. ఓడ విషయంలో అంతగా తప్పదు. అంటే తెలివైన ప్రవర్తన నేర్పడానికి ఓడ కంటే అనువైనది లేదు.

తెలివైన శత్రువు కావాలంటే మనుషులు నడిపే ఓడలతోనే పోరాడండి, ఆన్‌లైన్ ఆటలున్నవి అందుకే అంటారు కొందరు. పోరాడాం. చాలాసార్లు ఓడిపోయాం. అయితే అక్కడా నాకు ఇదే లోటు కనిపించింది. మనిషి ఓడ మునిగితే మరుక్షణం కొత్త ఓడ ఉచితంగా చేతికొస్తుంది. దాంతో వాళ్లూ వరదలాగే వస్తారు. మందుగుండు పీపాతో దూకేస్తారు, పోయి మళ్లీ వస్తారు. మధ్యలో ఒక్కరైనా లిన్వాలాగా రాత్రంతా ఆగి ఆలోచించరు. మనిషి ఉన్నాడా యంత్రం ఉందా అన్నది కాదు నా ప్రశ్న. ఓడలో ఉన్నదానికి పోగొట్టుకోవడానికి ఏమైనా ఉందా? అది ఉంటే యంత్రమైనా చాలు.

భయాన్ని చూపించడానికి పెద్ద ఏర్పాట్లు కూడా అక్కర్లేదు. చీకట్లో మా ఓడను చూడగానే ఎదుటి ఓడ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతే చాలు. కొయ్య విరిగాక కాల్పుల మధ్య ఎడం పెరిగితే చాలు, ఎందుకంటే ఫిరంగుల దగ్గరి మనుషులు నీళ్లు తోడటానికి వెళ్లారని మాకు తెలుస్తుంది. ఒకసారి మా చేతిలో దెబ్బతిని తప్పించుకున్న ఓడ, వారం తర్వాత మా జెండా గుర్తుపట్టి దూరంగా తిరిగిపోతే ఆ రాత్రి నాకు నిద్ర పట్టదు.

అలాంటిది ఒక్కసారి జరిగింది. ఆ నల్లరాయి దగ్గరే. శత్రువు ఓడ మా మీదికి వస్తూ వస్తూ ఉన్నట్టుండి ఎడమకు తిరిగి, మాకు వీపు చూపించి వెళ్లిపోసాగింది. తెరచాపల నిండా గాలి. అప్పటికి దానికి తగిలినవి రెండు గుండ్లే.

"అక్కా, పారిపోతోంది!" అని తమ్ముడు అరిచిన అరుపుకు ఇంట్లో పడుకున్నవాళ్లు లేచి ఉంటారు.

బార్తొలొమ్యూ రాబర్ట్స్ అనే పేరుమోసిన సముద్రపు దొంగ కథ నాకు అప్పటికి తెలియదు. 1722 ఫిబ్రవరిలో, ఆఫ్రికా తీరంలోని లోపెజ్ అగ్రం దగ్గర, స్వాలో అనే ఆంగ్ల యుద్ధనౌక ఇసుకమేట తగలకుండా పక్కకు తిరిగింది. దొంగలు దాన్ని భయపడి పారిపోతున్న వర్తక ఓడ అనుకున్నారు. తమ ఓడల్లో ఒకదాన్ని వెంట పంపారు. తోటివాళ్లకు చప్పుడు వినిపించనంత దూరం వెళ్లాక స్వాలో వెనక్కి తిరిగి దాన్ని పట్టుకుంది. కొద్ది రోజులకు మళ్లీ వచ్చి రాబర్ట్స్‌నూ మట్టుబెట్టింది.

మేమూ వెంటపడ్డాం. ఇరవై నిమిషాలు. అంతకుముందు ఎప్పుడూ అంత శ్రద్ధగా ఆడలేదు. గాలి కాస్త పక్కకు మళ్లినప్పుడల్లా తమ్ముడు తెరచాప తిప్పమనేవాడు, నేను ఫిరంగి వదిలి తాళ్ల దగ్గరికి పరుగెత్తేదాన్ని. బరువు తగ్గుతుందేమోనని మా పెట్టెలు కూడా రెండు నీళ్లలో పడేశాం. ఎదుటివాళ్లు ఎక్కడికి వెళుతున్నారు, వాళ్లకు అక్కడ తోడెవరైనా ఉన్నారా, మనల్ని లాక్కెళుతున్నారా అని గుసగుసగా మాట్లాడుకున్నాం. నిజానికి ఆ ఓడ రాతిని తప్పించుకోవడానికి తిరిగిందని, తిరిగాక తన హద్దు లోపలి పాత దారి పట్టుకుందని తర్వాత అర్థమైంది. నాకు అర్థమైంది. తమ్ముడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం రాత్రి ఆట మొదలుపెట్టగానే వాడు ముందుగా ఓడను ఆ రాయి వైపే తిప్పుతాడు. నేను ఫిరంగిలో గుండు వేయకుండా కాసేపు చూస్తూ నిలబడతాను.